బూజమ్మ చేదు వంట

అనగనగా, ఊళ్ళో కాదే చిట్టీ, ఊరు దాటాక ఒక నల్లబండ మీద బూజమ్మ, పాచయ్య అని పెళ్ళాం, మొగుడు ఉండేవాళ్ళు. రాళ్ళ మీద బూడిదరంగు మచ్చలు చూస్తావే, అదే వాళ్ళ ఇల్లు. బూజమ్మ గోడలు కట్టి నీళ్ళు పట్టేది. పాచయ్య ఎండలో చక్కెర వండేవాడు. ఇల్లు ఏడాదికి నీ చిటికెన గోరంత పెరిగేది. అన్నం తినమంటే పారిపోతావు కదా, నువ్వూ అంతే పెరుగుతావులే.

ఇంటి నడిమి గదిలో పిండి రేణువుల్లాంటి బుల్లి పిల్లలు ఉండేవాళ్ళు. వేసవి గాలికి ఎగిరివెళ్ళి వేరే కాపురాలు పెట్టాల్సినవాళ్ళు.

ఒక వానాకాలం జారయ్య అనే నత్త వచ్చాడు. బూజమ్మని అక్కా అన్నాడు, పాచయ్యని బావా అన్నాడు. వరసలు కలిపేసి, ఇంట్లో ఒక మూలంతా గీకి తినేశాడు. రేపూ వస్తానని చెప్పి మరీ వెళ్ళాడు.

ఇలా తింటే పిల్లల గది దాకా వచ్చేస్తాడని బూజమ్మకి గుబులు పట్టుకుంది. అప్పుడు మొగుడి దగ్గర చెంచాడు చక్కెర తీసుకుని, మరిగించి మరిగించి చేదు చేసింది. ఇల్లంతా పల్చగా పూసింది. మర్నాడు జారయ్య నాకి చూసి, ఇవాళ కాస్త మెంతులు పడ్డట్టున్నాయని మెచ్చుకుని, ఇంకో మూల తినేశాడు.

ఆ తర్వాత బూజమ్మ చక్కెర కుండంతా ఎత్తబోయింది. పాచయ్య గట్టిగా పట్టుకున్నాడు.

"అంతా చేదు చేస్తే మనమేం తింటామే? నత్త తినక్కర్లేదు, మనమే ఎండిపోతాం."

బూజమ్మ కుండ వదిలేసింది. అంచులు పోతే పోనీ, మళ్ళీ పెరుగుతాయంది. సగం చక్కెరే తీసి చేదు చేసి, పిల్లల గది చుట్టూ మాత్రం మందంగా మెత్తింది.

మూడోనాడు జారయ్య దర్జాగా వచ్చి అంచులు తిన్నాడు. మెల్లగా పిల్లల గది వైపు జరిగాడు. నాలుక ఆనించాడో లేదో, కొమ్ములు లోపలికి ముడుచుకుపోయాయి.

"అక్కా, ఈ గది వంట నువ్వే చేశావా?"

"అవును తమ్ముడూ. ఇంకాస్త వడ్డించనా?"

కడుపు నిండిందక్కా అని మర్యాదగా చెప్పి, బండ దిగిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు.

పోయినవాడు పక్కబండ మీద కడుపు ఖాళీ చేసుకున్నాడు. ఎలాగని అడక్కు, రోజూ పొద్దున్నే నువ్వు చేసేదే. అందులో అరగని ఇంటి ముక్కొకటి రాతికి అతుక్కుని చిగురించింది. కొన్నాళ్ళకి అక్కడో కొత్త ఇల్లు కనబడితే, మా బావమరిది ఒట్టి తిండిపోతు కాదే అని పాచయ్య మురిసిపోయాడు.

నత్త పోయె గుల్లలోకి,
కథ పోయె కంచిలోకి,
నువ్వు పోవే దుప్పట్లోకి.