మూడో అలకు సరిపడిన చాప

గాలీ గాలీ రావమ్మా
మా చాపలోనికి రావమ్మా
మెత్తని చోటు చూపిస్తాం
మేనమామ ఊరికి పోదాం...

ఆ పైన ఇంకో రెండు చరణాలు ఉండేవి. అవి తెరచాపలు కుట్టే అసిరమ్మకు గుర్తు రావు. చిన్నప్పుడు పేటలోని ఆడపిల్లలంతా తడి ఇసుకలో గుండ్రంగా తిరుగుతూ పాడేవారు. పాడుతుంటే ఒక్కోసారి నిజంగానే గాలి వచ్చి వాళ్ళ పరికిణీలు ఉబ్బించేది. అప్పుడు అందరూ కెవ్వుమని ఇళ్ళలోకి పరుగెత్తేవారు. గాలికి భయమెందుకో ఒక్కరికీ తెలీదు.

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టకముందు, సముద్రం ఒడ్డున మూడలలపేట అని ఒక ఊరు. ఊరి ఎదుట సముద్రంలో మూడు అలలు వరుసగా లేచేవి. మొదటి అల పిల్లలది. రెండో అల జాలరులది. మూడో అల ఎవరిదో ఎవరూ పైకి చెప్పేవారు కారు.

మూడో అల అవతల గాలులు ఉంటాయని వాడుక. వీచే గాలి కాదర్రా, పట్టే గాలి. సముద్రంలో పోయినవాళ్ళు ఒడ్డు చేరలేక అక్కడే గాలై తిరుగుతారట.

ఏడాదికి ఒక్కసారి, జ్యేష్ఠ అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం, ఒడ్డున గాలి ఆగిపోయేది. కాకులు నోరు తెరిచి అరవకుండా కూర్చునేవి. మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కునేది. ఆ వేళ పేటలో ఒకరు తెప్ప మీద చిన్న చాప, అదే తెరచాప, కట్టుకుని మూడో అల దాటి వెళ్ళాలి. ఆ అల ఎక్కి, నిలువుకాళ్ళ మీద ఒడ్డు చేరాలి. చేరితే ఏడాదంతా సముద్రం దారి ఇచ్చేది. ఆ వేళ దాటేలోగా ఎవరూ చేరకపోతే మూడో అల గోడలా నిలబడిపోయేది. మళ్ళీ ఆ అమావాస్య దాకా ఏ తెప్పా అది దాటలేకపోయేది.

కిందటేడు అసిరమ్మ అన్న గురవయ్య వెళ్ళాడు. అతని చాప కుట్టింది అసిరమ్మే. ఆ పేటలో చాపలు కుట్టడంలో ఆమెకు సాటి లేరు.

"ఒక్క ఊపిరి కూడా బయటికి పోకూడదు చెల్లీ" అన్నాడు అన్న.

"నా కుట్టులోంచి దోమ కూడా దూరదులే" అంది చెల్లెలు.

అన్నంత పనీ చేసింది. రెండు వరుసల కుట్టు వేసింది. చాప తాడును తెప్పకు మూడు ముళ్ళు వేసి బిగించింది.

తెప్ప తిరిగి వచ్చింది. మనిషి రాలేదు. ఒడ్డున ఆకు కదలడం లేదు, చాప మాత్రం నిండుగా ఉబ్బి ఉంది. మూడు రోజులు అలాగే ఉంది. నాలుగో నాడు ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడు చేసి వాలిపోయింది.

ఆ ఏడంతా సముద్రం మూసుకుపోయింది. పొయ్యిల మీద తేగలు తప్ప మరేమీ ఉడకలేదు. ఈ ఏడు కూడా తెరుచుకోకపోతే పేట లేచిపోవాల్సిందే.

అమావాస్య వచ్చింది. ఈసారి ఒకరు కాకపోతే ఇంకొకరు వెళ్ళేలా పేట పెద్ద సోములయ్య ఇసుకలో మూడు చాపలు పరిపించాడు.

మొదటిది అతని సొంత చాప. పన్నెండు మూరలది. దానితో వెళ్ళేవాడు అతని అల్లుడు లక్కన్న.

రెండోది షావుకారు తెప్పించిన చాప. పట్టులా మెరుస్తోంది. వాలిపోకుండా లోపల వెదురు పుల్లలు కుట్టి ఉన్నాయి. దానితో వెళ్ళేవాడు షావుకారు మనిషి తవిటయ్య.

మూడోది ఐదు మూరల పాత నూలు గుడ్డ. ఉప్పునీటికి కుళ్ళకుండా తుమ్మబెరడు నీళ్ళలో ముంచి ఎండబెట్టింది. అంచు తాడుకు ముడే లేదు. అది అసిరమ్మది.

"ఏటమ్మా ఇది? చాపా, చంటిపిల్ల పక్కగుడ్డా?" అన్నాడు లక్కన్న. అందరూ నవ్వారు.

సోములయ్య నవ్వలేదు. "ఎవరు వెళ్తారే దీంతో?" అన్నాడు.

"నేనే బాబాయ్."

"ఆడకూతురు తెప్పెక్కడమేమిటే!"

"అన్నను పంపిన చాప కుట్టింది ఆడకూతురే కదా బాబాయ్."

సోములయ్య వంగి చాప అంచు పట్టి చూశాడు. పేటలో తరాలుగా చాపను అడిగే ప్రశ్ననే అడిగాడు. "సరే, ఎంత గాలి పడుతుందిది?"

"నన్ను అది అడక్కు. ఎంత తొందరగా వదులుతుందో అడుగు" అంది అసిరమ్మ. "ఏడాదిగా అదే ఆలోచిస్తున్నాను. అల ఎక్కేంతవరకే గాలి కావాలి. ఎక్కాక తెప్పను అలే తోస్తుంది. దానికి తోడు చాప కూడా తోసిందంటే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. అన్నకు అదే జరిగింది. నా ముడే అతన్ని ముంచింది."

"గాలి వదిలేది చాపెలా అవుతుందమ్మా" అని పెదవి విరిచాడు తవిటయ్య.

లక్కన్న ముందు వెళ్ళాడు. మూడో అల ఎక్కాడు. పన్నెండు మూరల చాప ఒక్కసారిగా నిండింది. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అతను తల తిప్పాడు. అంతే. కాసేపటికి తెప్ప ఒడ్డుకు వచ్చింది. చాప ఉబ్బి ఉంది. మనిషి లేడు.

తవిటయ్య వెళ్ళాడు. అతని తెప్ప కూడా ఒంటరిగానే వచ్చింది. చాపలోని వెదురు పుల్లలు పక్కటెముకల్లా పైకి లేస్తున్నాయి, కిందికి పడుతున్నాయి. లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు. దాని దగ్గరికి ఒక్కరూ పోలేదు.

అసిరమ్మ చీర గోచీ పోసి కట్టింది. తెడ్డు వేసుకుంటూ మొదటి అల దాటింది, రెండోది దాటింది, మూడోది దాటింది. అక్కడ చప్పుడే లేదు. ఒడ్డు మీద జనం నోళ్ళు కదులుతున్నాయి, మాట మాత్రం వినపడదు. నీళ్ళు గోరువెచ్చగా, చెమటలా ఉన్నాయి.

అల లేచింది. అసిరమ్మ లేచి నిలబడింది. తాడు చేతికి చుట్టుకోలేదు, గుప్పిట్లో పట్టుకుంది. చాప నిండింది.

"చెల్లీ" అంది చాప.

అది గురవయ్య గొంతే. కొంచెం బొంగురు, కొంచెం నవ్వు.

"అన్నా!"

"చిక్కిపోయావే. తేగలు పడటం లేదా నీకు?"

అసిరమ్మ ఏడ్చింది, నవ్వింది. గుప్పిట బిగించింది. తాడు వదిలితే చాప వాలిపోతుంది. చాప వాలితే ఆ గొంతు పోతుంది. ఏడాదిగా ఈ గొంతు కోసమే కదా గోడలకు చెవి ఆనించి పడుకుంది! తెప్ప వేగం పెరిగింది. ముక్కు నీళ్ళ వైపు వంగింది. ఆమె పాదాలు తడిశాయి, మోకాళ్ళు తడిశాయి.

"ఇంకొంచెంసేపు ఉండు అన్నా" అంది.

అప్పుడు గురవయ్య ఆమెకు ఒక మాట చెప్పాడు.

అసిరమ్మ కళ్ళు మూసుకుంది. ఒక్కొక్క వేలూ విప్పింది. తాడు జారిపోయింది. చాప రెపరెపలాడి, ఖాళీ అయి, తడిగుడ్డలా వేలాడింది. చల్లనిదేదో ఆమె తల నిమిరి పైకి పోయింది. తెప్ప ముక్కు లేచింది. అల ఆమెను భుజం మీద ఎత్తుకుని తెచ్చినట్టు తెచ్చి ఇసుకలో దింపింది.

వెనక మూడో అల మోకాలెత్తుకు కుంగింది. ఒడ్డున ఉబ్బి ఉన్న రెండు చాపలూ ఒకేసారి వాలిపోయాయి. లక్కన్న, తవిటయ్య నురగలో పాకుతూ, దగ్గుతూ బయటికి వచ్చారు. బతికారు గానీ, ఆ తర్వాత గాలికి తలుపు కొట్టుకుంటే చాలు, ఎవరో పిలిచారని లేచి వెళ్ళేవారు. గురవయ్య మాత్రం రాలేదు. ఇక రాడని అసిరమ్మకు తెలుసు.

మర్నాడు తెప్పలన్నీ సముద్రం మీదికి పోయాయి. పొయ్యిల మీద చేపలు ఉడికాయి. ఆనాటి నుంచి ఆ పేటలో చాప తాడుకు ముడి వేయరు.

"అల మీద ఎవరితోనో మాట్లాడావట కదే. ఏం చెప్పాడు మీ అన్న?" అని సోములయ్య మెల్లగా అడిగాడు.

అసిరమ్మ తన చాపను మడత పెట్టింది. తర్వాత అన్న ఆఖరి మాటను అన్న అన్నట్టే చెప్పింది:

"పట్టుకోవడం అన్ని చాపలకీ వచ్చు చెల్లీ. ఎంత ముద్దైన గాలినైనా వేళకు వదలడం వచ్చిన చాపే మనిషిని ఒడ్డుకు చేరుస్తుంది."