బూడిద చల్లిన నేల

ఆశ్రమ గురువు చిదంబరయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చేతికేదో పని అప్పగించేవారు. ఆ అలవాటు తెలిసి కూడా వకుళ ఆ ఉదయం అడగకుండా ఉండలేకపోయింది. అక్క మంచాన పడింది. ఒకసారి రమ్మని కబురు పెట్టింది. వకుళ పెద్దలు ఒప్పని పెళ్ళి చేసుకుందని, తల్లి పోయిన రోజున ఆమెను గుమ్మంలోంచే వెనక్కి పంపింది ఆ అక్కే. ఆశ్రమంలో ఇన్నేళ్ళు ధ్యానం చేసినా ఆ పగ వదల్లేదు. వకుళ అలసిపోయింది.

"లోపలున్న విషం పోయేదెలా, అయ్యవారూ?" అంది.

ఆయన పొయ్యిలోని కట్టెల బూడిద బుట్టకెత్తించి ఆమెను కొండపైకి తీసుకెళ్ళారు. అక్కడి అడవిలో ఎప్పుడో ఎవరో పారేసిన ఆసుపత్రి యంత్రం పగిలి, అందులోని సీజియం అనే రేడియోధార్మిక విషం మట్టిలో కలిసింది. తొలకరికి మొలిచే పుట్టగొడుగులు గూడెం వాళ్ళకు ఇష్టమైన కూర. వాటిలోకి ఆ విషం ఎక్కడంతో, పరీక్ష చేయించుకోనిదే తినొద్దని అధికారులు చెప్పారు. ఏటా బుట్టెడు ఏరి, పరీక్షలో విషం ఉందని తేలాక పారబోసి, ఉత్త చేతులతో ఇంటికి పోయేది గూడెంలో ఉండే గంగి.

ఆ రోజు గంగి బుట్టతో ఎదురొచ్చింది. నిరుడు బూడిద చల్లిన వైపువి ఈసారి తినొచ్చన్నారట. విషం పోయినట్టేనా అని అడిగింది.

"పోలేదమ్మా, మట్టిలోనే ఉంది," అన్నారాయన. "పుట్టగొడుగుకి కావలసింది పొటాషియం. ఈ నేలలో అది కరువు. దొరక్క, దాని పోలికతో ఉన్న సీజియాన్ని లాక్కునేది. బూడిదలో పొటాషియం ఉంది. అది అందాక, విషం జోలికి అంతగా పోవడం లేదు."

గంగి దిగిపోయింది. వకుళ నడుం వంచి, మిగిలిన వైపంతా బూడిద చల్లింది. ఇన్నేళ్ళూ తను కాచుకున్నది అక్క నోట 'రా' అన్న ఒక్క మాట కోసమే. తీరా ఆ మాట కబురై వస్తే, అందులోనూ పాత కోపాన్నే వెతుక్కుంది. లేచి చేతులు దులుపుకుంది.

పగ పూర్తిగా పోకుండానే వెళ్ళమంటారా అని నెమ్మదిగా అడిగింది.

ఆయన ఖాళీ బుట్ట అందుకుని దిగడం మొదలుపెట్టారు.

"మధ్యాహ్నం బస్సుంది. కడుపు నిండా అన్నం తిని బయల్దేరమ్మా."