ఇరుసు దగ్గర గాలి

పేరయ్య మేష్టారు ఏ ప్రశ్నకైనా మూడుసార్లు జవాబు చెప్పేవారు. నాలుగోసారి అడిగితే చెప్పులు తొడుక్కునేవారు.

శిష్యురాలు వైదేహి ఆ రోజు నాలుగోసారి అడిగింది. వాళ్ళ నగరం అంతరిక్షంలో గిర్రున తిరిగే పెద్ద పీపా. ఆ తిరుగుడే లోపలి గోడను నేల చేసి, దాని మీద నిలబడ్డవాళ్ళకు బరువునిస్తుంది. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు పైకి, నడిమి ఇరుసుకు చేరితే ఒంటికి బరువన్నదే ఉండదు. వైదేహి తల్లి తులశమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి, ఊపిరితిత్తులూ అంతంతమాత్రమే. ఇరుసు పక్కన ఒక గది ఖాళీ అయింది. మర్నాడే తల్లిని అక్కడికి మార్చేస్తానని కూతురి పట్టు. మారిస్తే తప్పేమిటని ప్రశ్న.

మేష్టారు విసుక్కుంటూ చెప్పులు తొడుక్కున్నారు. ఆక్సిజన్ సీసా ఒకటి చంకన పెట్టుకుని, తల్లీకూతుళ్ళను లిఫ్టు ఎక్కించారు.

తులశమ్మ మాటల మనిషి. కూతురి వంటనీ, అల్లుడి బద్ధకాన్నీ, మేష్టారి మాసిన చొక్కానీ వరసగా ఏకిపెట్టింది. సగం దూరంలో చేతికర్ర వదిలేసి, పదేళ్ళకు కాళ్ళు తన మాట వింటున్నాయని మురిసిపోయింది. ఆపైన మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. ఇరుసు చేరేసరికి అల్లుడి మీద ఎత్తుకున్న మాట సగంలో ఆగిపోయింది. ముఖాన నవ్వు మాత్రం అలాగే ఉంది.

"చూశారా మేష్టారూ, అమ్మ ఎంత ప్రశాంతంగా ఉందో."

"పెదాలు చూడు."

నీలంగా ఉన్నాయి. వైదేహి తల్లి భుజాలు పట్టుకుని కుదిపింది. మేష్టారే సీసా మర తిప్పి, దాని గొట్టం చివరి ముసుగు తులశమ్మ ముక్కుకు ఆనించి, లిఫ్టును కిందికి మళ్ళించారు.

దారిలో ఆయన పాత జవాబే మళ్ళీ చెప్పారు. పైనున్న గాలి బరువు కింది గాలిని నొక్కుతుంది. ఇరుసు దగ్గర నొక్కడానికి పైన ఏమీ లేదు. నేల మీద పది పాళ్ళుండే ఒత్తిడి అక్కడ ఏడే.

నేల తగిలాక తులశమ్మ ముసుగు లాగేసి, తన కర్ర ఎక్కడ పారేశారని ఇద్దరినీ తిట్టింది. వైదేహి కళ్ళు తుడుచుకుంది. అంత గాలి తగ్గుతుంటే అమ్మకు ముందే ఎందుకు తెలియలేదని అడిగింది.

"భూమ్మీద కొండెక్కేవాళ్ళకు కాళ్ళు చెబుతాయి," అన్నారు మేష్టారు. "మీ అమ్మ కాళ్ళు హాయిగా ఉన్నాయి. ఇంక చెప్పేదెవరు?"