దీవి మీద పెరుగన్నం

ఊఁ కొడతావా మరి? ఊఁ కొట్టకపోతే కథ అలిగి కూర్చుంటుంది. అహోబిలం నరసింహస్వామిని తలుచుకుని మొదలుపెడుతున్నా, విను.

అనగనగా నంద్యాల దగ్గర ఒక ఊళ్ళో వకుళ అని ఒక అమ్మ ఉండేది. ఆమెకు చెరువు తెలుసు, కాలువ తెలుసు, సముద్రం మాత్రం క్యాలెండరు బొమ్మలోనే తెలుసు. ఆమె మొగుడు శశిధర్. వాళ్ళకు నాలుగేళ్ళ కూతురు, ఇందుజ. ఆ పిల్లకు అన్నం పెట్టడమంటే పెళ్ళి చేసినంత పని. ముద్ద బుగ్గన పెట్టుకుని, మింగకుండా ఊరంతా చూసొస్తుంది.

ఒక వేసవిలో ముగ్గురూ విమానమెక్కి థాయిలాండ్‌లో సముద్రం చూడ్డానికి పోయారు. అక్కడ ఒడ్డుకు ఎదురుగా ఒక చిన్న దీవి ఉంది. పొద్దున సముద్రం వెనక్కి తగ్గితే, మధ్యలో చీర అంచులాగా తెల్లటి ఇసుక దారి తేలుతుంది. జనం దాని మీద నడిచి దీవికి పోయి, కాసేపు ఆడుకుని వచ్చేస్తారు. వీళ్ళూ పోయారు. ఇందుజ గవ్వలేరింది, ఎండ్రకాయను తరిమింది, ఇసుకలో గుంత తవ్వుకుని అందులోనే కూర్చుంది.

అప్పుడు వకుళ స్టీలు డబ్బా మూత తీసింది. హోటలు గదిలో బుల్లి కుక్కరు పెట్టి, తానే వండి కలిపిన పెరుగన్నం. పరాయి దేశపు తిండికి పిల్ల కడుపు ఏమవుతుందో అని ఆమెకు ఒకటే బెంగ.

మొదటి ముద్ద కాకిది అంది. ఇందుజ తింది. రెండో ముద్ద పిచ్చుకది అంది. బుగ్గన పెట్టుకుంది. మూడోది ఏనుగుది అనేసరికి మొహం తిప్పేసి, చాలమ్మా అంది.

వకుళ వినిపించుకుంటేగా. చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని ఒక్కొక్కరే ఒడ్డుకు వెళ్ళిపోతున్నారు. శశిధర్ మనమూ పోదామన్నాడు. జనం పల్చబడితే పిల్ల దిక్కులు చూడకుండా తింటుందిలెండి అంది. మళ్ళీ అడిగితే, ఇంకొంచెమే ఉంది అంది. మూడోసారి అడిగితే, పిల్లను పస్తు పెడతారా అని కసిరింది. ఆయన ఇసుకలో గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అవతలి ఒడ్డు నుంచి ఎవరో ఒకావిడ తువ్వాలు ఊపింది. ఎంత కలుపుగోలు మనుషులో అనుకుని వకుళ కూడా ఎంగిలి చెయ్యెత్తి ఊపింది. ఇందుజ రెండు చేతులూ ఊపింది.

డబ్బా అడుగు కనబడింది. చెయ్యి కడుక్కుందామని వకుళ లేచి చూస్తే ఏముంది? ఇసుక దారి లేదు.

శశిధర్ పిల్లను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. వకుళ ఆయన చొక్కా పట్టుకుంది. దిగారు. ముందు మడమలు తడిశాయి. అప్పుడు మోకాళ్ళు తడిశాయి. ఆ తర్వాత నడుము తడిసింది, నీళ్ళు పక్కకు లాగుతున్నాయి, కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. ఇద్దరికీ ఈత రాదు. ఇంకొంచెమే ఉందిలే అన్నాడు శశిధర్. ఆ మాటకు వకుళ ఆయన చొక్కా వెనక్కి లాగింది. ఇందాకటి నుంచీ తానన్న మాటే కదా అది.

"వద్దండీ. వెనక్కి పోదాం."

"పోయి? ఆ దీవి కూడా మునిగితే?"

"ముందుకు పోతే పిల్ల మునుగుతుంది. తిరగండి."

తిరిగారు. అప్పటికే దీవి మీద ఇసుక సగమైంది. దాని వెనకున్న రాతిగుట్ట ఎక్కారు. నీళ్ళు వాళ్ళ వెంటే ఎక్కాయి. ఎందాకా వస్తాయో తెలీదు, అడుగుదామంటే మనిషి లేడు. ఫోను తడిసి చచ్చిపోయింది. నరసింహా, నరసింహా అనుకుంటూ వకుళ, ఎక్కడ నిలబెడితే పిల్ల దక్కుతుందా అని రాయి రాయినీ చూస్తోంది.

కింది రాళ్ళన్నిటికీ గుల్లలు కరుచుకుని ఉన్నాయి. పైన, ఒక రాతి పగులులో మాత్రం కాస్త గడ్డి మొలిచి ఉంది. వకుళ రైతు బిడ్డ. చౌడు పట్టిన మడిలో గడ్డిపరక లేవదని ఆమెకు తెలుసు. ఇక్కడ గడ్డి బతికిందంటే ఉప్పునీళ్ళు ఇంత ఎత్తుకు రావు అనుకుంది. అనుకుందే గానీ, మనసు నిలిచిందా? పిల్లను ఆ గడ్డి కన్నా పైన కూర్చోబెట్టి, శశిధర్‌ను పట్టుకోమని, తాను గడ్డి దగ్గర నిలబడింది.

నీళ్ళు గుల్లల్ని మింగాయి. అప్పుడు గుల్లల పైనున్న నల్లరాతిని మింగాయి. ఆ తర్వాత ఒక అల వచ్చి వకుళ బొటనవేలు తడిపింది.

"తండ్రీ, తప్పు నాది. పిల్లది కాదు."

ఇంకో అల వచ్చింది. వేలి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ తర్వాత వచ్చిన అల వేలిని కూడా తాకలేదు.

సముద్రానికి దేవుడు ఒక హద్దు గీశాడు కన్నా. దాన్నే పెద్దవాళ్ళు చెలియలికట్ట అన్నారు. అంత సముద్రమూ అక్కడికొచ్చి, ఇక చాలు అనుకుంటుంది.

పోటు తగ్గి అలలు సద్దుమణిగాక, పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. అందులో తువ్వాలు ఊపిన ఆవిడే ఉంది. ముందు పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఆ తర్వాత ఒడ్డు చేరేదాకా వాళ్ళ భాషలో వకుళను తిట్టింది. ఒక్క ముక్క రాకపోయినా వకుళకు అంతా అర్థమైంది. ఏడుస్తూ, తలాడిస్తూ, దండం పెడుతూ కూర్చుంది. శశిధర్ వంతు కూడా ఆవిడే తిట్టేస్తోందని వకుళకు తెలుసు.

ఊఁ అనవేం? నిద్రొచ్చిందా? అయిపోయిందిలే.

గదికొచ్చాక వకుళ మళ్ళీ పెరుగన్నం కలిపింది. ఇందుజ ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. మూడోదానికి చాలమ్మా అంది. గిన్నెలో ఇంకా సగానికి పైనే ఉంది. వకుళ చెయ్యి ముద్దతో సహా గాల్లో ఆగిపోయింది. శశిధర్ ఆ చెయ్యి వైపే చూస్తున్నాడు.

అప్పుడు వకుళ ఆ ముద్ద తన నోట్లో వేసుకుని, "సరేలే తల్లీ" అంది.

పోటు పోయింది కడలిలోకి,
పడవ పోయింది రేవులోకి,
కథ పోయింది కంచిలోకి,
మనం పోదాం నిద్దర్లోకి.