అరవై నాలుగో డబ్బా

దాక్షాయణి మేడమ్‌కు రెండు అలవాట్లుండేవి. బ్యాంకులో గానీ బస్టాండులో గానీ, ఎక్కడ మనుషులు వరుస కట్టి ఉన్నా ముందు ఏం జరుగుతోందో చూసేది కాదు, నేరుగా తోక దగ్గరికి పోయి "ఆఖరెవరు?" అని అడిగి, చెయ్యెత్తిన మనిషి వెనకాల నిలబడేది. రెండో అలవాటు, శిష్యులు ప్రశ్న అడిగితే జవాబుకు బదులు పని చెప్పడం. రాళ్లనేలలో కట్టిన ఆ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరినవాళ్లకు రాజనీతి సిద్ధాంతం తొలి పాఠాలు ఆమే చెప్పేది గనుక, ఆ క్లాసులో నోరు తెరవడమంటే కోరి చాకిరీ తెచ్చుకోవడమేనని పిల్లలు చెప్పుకునేవారు. తెలివైనవాళ్లు నోరు మూసుకుని బజారు గైడులోని ఐదు పాయింట్లు బట్టీ పట్టేవారు. మాబున్నికి ఆ తెలివి లేదు.

మాబున్ని దూదేకుల పిల్ల. తండ్రి ఊళ్లు తిరిగి పరుపులు కుడతాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆమే. డిగ్రీ దాకా రాగలిగిందంటే ఆడపిల్లల హాస్టల్లో సీటు దొరికింది గనుకనే. వాళ్ల ఊరికి చివరి బస్సు సాయంత్రం నాలుగింటికే వెళ్లిపోతుంది. సీటు పోతే చదువు పోయినట్టే. ఆ సోమవారం ఆమె సంచిలో ఒక కాగితం ఉంది. నెల కిందట నీళ్లు చాలక ఆడపిల్లలంతా ఖాళీ బకెట్లు తెచ్చి వార్డెన్ గది ముందు బోర్లించారు. ఆ బకెట్లకు జవాబుగా వచ్చిన కాగితమది. "హాస్టలు నియమాలన్నింటికీ, ఇకమీదట చేయబోయే నియమాలకు కూడా, ఇష్టపూర్వకంగా కట్టుబడి ఉంటాను" అని శనివారంలోగా సంతకం చేయాలి. చేయనివాళ్లు పెట్టె సర్దుకోవాలి.

ఆ రోజు పాఠం సామాజిక ఒప్పందం. ఒకానొకప్పుడు మనుషులంతా ఒకచోట కూడి, ఒకరినొకరు కొట్టుకు చావడం కన్నా ఏదో ఒక కట్టుబాటు మేలని ఒప్పుకున్నారట. రాజ్యం అలా పుట్టిందట. అందుకే మనమంతా దానికి లోబడాలట. ఆ పుస్తకాలు రాసిన దొరలు ఏనాడూ బిందె పట్టుకుని కొళాయి దగ్గర నిలబడ్డవాళ్లు కారు గనుక కథ నున్నగా సాగిపోయింది. మాబున్ని లేచి నిలబడింది.

"అందరూ కూడిన ఆ పొద్దు మా అవ్వను పిలిచినారా మేడం? నన్నన్నా అడిగినారా? అడగని ఒప్పందానికి నేనెందుకు కట్టుబడల్ల?"

క్లాసు నవ్వింది. ముందు బెంచీ పిల్లవాడొకడు వాళ్లవ్వ వేలిముద్ర దొరకలేదేమోనన్నాడు. మాబున్ని వాడివైపు చూడకుండా సంచిలోంచి కాగితం తీసి బల్లమీద పెట్టి, దీనిమీద సంతకం చేయాలా వద్దా అని అడిగింది. దాక్షాయణి మేడమ్ కాగితాన్ని రెండుసార్లు చదివింది. చేతికంటిన సుద్దపొడి దులుపుకుని, రేపు తెల్లవారుజామున మీ హాస్టలు కొళాయి దగ్గర నిలబడి జరిగేదంతా చూసి వచ్చి చెప్పమంది. రోజూ నిలబడే చోటే గదా, కొత్తగా చూసేదేముందని మాబున్ని లోలోపల విసుక్కుంది. అయినా వెళ్లింది.

ఆ హాస్టల్లో నీళ్లు ఉదయం ఐదు నుంచి ఆరు దాకా వస్తాయి. ఉన్నది ఒకటే లావు గొట్టం. అందుకని ముందురోజు సాయంత్రమే ఎవరి బకెట్టు వాళ్లు తెచ్చి వరుసలో పెట్టి పోతారు. గోళ్లరంగుతో పేర్లు రాసి ఉంటాయి. మనుషులు పడుకుంటారు, వాళ్ల బదులు బకెట్లు నిలబడతాయి. ఒకరి బకెట్టును ఇంకొకరు కదల్చరు. మాటల్లేని పగవాళ్ల బకెట్లు కూడా ఒకదానికొకటి ఆనుకుని తెల్లవార్లూ అలాగే ఉంటాయి. ఏ వార్డెనూ పెట్టిన రూలు కాదది, ఏ గోడమీదా రాసి లేదు. మాబున్నికి కళ్లు తెరుచుకున్నట్టయింది. పరుగున వెళ్లి, సంతకం లేని ఒప్పందమంటే ఏమిటో చూశాను మేడం, మాకు మేమే చేసుకున్నాం, మమ్మల్నెవరూ బెదిరించలేదు అని ఉత్సాహంగా చెప్పింది.

మేడమ్ అంతా విని, బకెట్లెన్ని అని అడిగింది. అరవై మూడు, మనిషికొకటి లెక్కన, అంది మాబున్ని.

"అరవై నాలుగు" అంది మేడమ్. "నాలుగేళ్ల కిందట ఆ హాస్టలుకు వార్డెన్‌గా ఉన్నప్పుడు నాకూ అరవై మూడే కనబడేవి. మళ్లీ పో."

బుధవారం మాబున్ని ఇంకా ముందే లేచింది. వరుసలో తన పచ్చ బకెట్టు నలభయ్యోది. దాని దగ్గరికి నడుస్తుంటే కాలికేదో అడ్డొచ్చింది. రోజూ తగిలేదే గనుక రోజూ చేసినట్టే పాదంతో పక్కకు నెట్టింది. డబ్బా గచ్చుమీద కర్రుమని జరిగింది. ఆ చప్పుడుకు ఆగి వెనక్కి చూసింది. పాత పెయింటు డబ్బా. పిడి స్థానంలో తీగ చుట్టి ఉంది. నేల తుడిచే డబ్బా అనుకుని ఇన్నాళ్లూ ఆమె, ఆమెలాగే అరవై రెండు మంది, దాన్ని వెనక్కి వెనక్కి నెడుతూ వరుస చివరికి చేర్చేవారు.

ఆ డబ్బా సుంకులమ్మది. నాలుగు గంటలకే వచ్చి గేటు తీసి, సంపు దగ్గరున్న తుప్పు పట్టిన వాల్వు చక్రం తిప్పి నీళ్లు వదిలే ఆయమ్మ. అందరూ పట్టుకున్నాక గొట్టంలో మిగిలే ఇసుకనీళ్లు రెండు డబ్బాలు ఆమెవి. వాటితోనే మూడంతస్తుల మరుగుదొడ్లు కడగాలి. కడిగినా కంపు పోవడం లేదని ఫిర్యాదు రాసినవాళ్లలో మాబున్ని సంతకం మూడోది.

మాబున్ని మొహం కందిపోయింది. గబగబా ఆ డబ్బా ఎత్తి తన పచ్చ బకెట్టు ముందు పెట్టింది. మంచిపని చేశాననుకుని నిలబడింది. సుంకులమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి, డబ్బా తీసుకెళ్లి మళ్లీ చివరే పెట్టేసింది.

"నువ్వే తంతివి, నువ్వే ఎత్తి ముందర పెడ్తివి. నడమ నన్ను అడిగిందెవురు మే?"

సోమవారం తను నిలబడి అడిగిన మాటే రెండు రోజులు ఊరు తిరిగి తన చెంపమీదికి వచ్చింది. మాబున్నికి కోపం రావలసింది, రాలేదు. అయితే నీ డబ్బా యాడుండల్లో నువ్వే చెప్పు ఆయమ్మా అని అడిగింది. ఐదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. సుంకులమ్మ చీపురు తీసుకుని నాలుగు మెట్లు ఊడ్చాక, నాలుగ్గంటలకు వచ్చేదెవురో చూసుకో పాపా, అంది.

గురువారం ఐదు గంటలకు ఆడపిల్లలు ఆవలిస్తూ వచ్చేసరికి గొట్టం కిందే పెయింటు డబ్బా ఉంది. వరుసలో మొదటిది ఎప్పుడూ ఆఖరి సంవత్సరం హరిప్రియ బకెట్టు. హరిప్రియ నోరు ఆ హాస్టల్లో పేరుమోసింది. ఇదేం పెత్తనం, ఇక్కడొక రూలుంది, సీనియర్ల తర్వాతే ఎవరైనా, అని కేకలేసింది. ఏ కాగితంలో ఉందో చూపించమంది సుంకులమ్మ. కాగితంలో లేదుగానీ అందరికీ తెలుసంది హరిప్రియ. నాకు తెలీదు, నన్ను పిలిచినప్పుడు చెప్పండి, అని సుంకులమ్మ తన డబ్బా నిండేదాకా కదల్లేదు. మాబున్ని పోయి ఆమె పక్కన నిలబడింది. నలుగురు గొణిగారు, ఇద్దరు ఇదంతా దీని క్లాసు పైత్యమని మాబున్నిని ఎత్తిపొడిచారు. ఆ మధ్యాహ్నం మాత్రం మరుగుదొడ్డికి ముక్కు మూసుకోకుండా పోయి వచ్చారు. శుక్రవారం సాయంత్రం హరిప్రియ ఎవరితోనూ ఏమీ అనకుండా తన బకెట్టును ఒక అడుగు వెనక్కి జరిపి పెట్టింది.

శనివారం వార్డెన్ బల్ల ముందు వరుస కట్టారు. అరవై రెండు మంది సంతకాలు చేశారు. వాళ్లను తిట్టదలచినవాళ్లు ముందు తమ ఊరికి చివరి బస్సు ఎన్ని గంటలకో చెప్పి తిట్టాలి. మాబున్ని వంతు వచ్చింది. తండ్రి సూదిపోట్ల వేళ్లు గుర్తొచ్చాయి. కాగితాన్ని ఖాళీగానే బల్లమీద పెట్టింది.

"ఇంకా పుట్టని రూలుమీద ఇష్టం ఇప్పుడే ఎట్ల పుడుతుంది మేడం? చేసేటప్పుడు పిలవండి. అప్పుడు సుంకులమ్మనూ పిలవండి."

ఆయమ్మకూ రూల్సుకూ సంబంధమేమిటని వార్డెన్ నిజంగానే అర్థంకాక అడిగింది. తర్వాత రిజిస్టరు తెరిచి మాబున్ని పేరుమీద ఎర్రసిరాతో గీత కొట్టి, ఆదివారం మధ్యాహ్నానికల్లా గది ఖాళీ చేయమంది. సాయంత్రం వాచ్‌మన్‌తో వరుసలోని పచ్చ బకెట్టు తీయించి స్టోరుగదిలో పడేయించింది. పేరు లేనివాళ్లకు నీళ్లెందుకని.

ఆదివారం తెల్లవారుజామున మాబున్ని పెట్టె సర్దుకుని మెట్లమీద కూర్చుని ఉంది. ఐదయింది, గొట్టం పలకలేదు. ఐదుంబావు అయింది. సంపు దగ్గర గుమిగూడిన ఆడపిల్లలకు, వాల్వు చక్రంమీద చేయి వేసి కూర్చున్న సుంకులమ్మ కనబడింది. వార్డెన్ తలకు శాలువా చుట్టుకుని వచ్చి ఏమైందని గద్దించింది.

"అరవై నాలుగుండల్ల. లెక్కబెడితే అరవై మూడే ఉండాయి. ఒకటి తక్కువైతే తిప్పను."

ఉద్యోగం ఊడుతుందని వార్డెన్ అంది. ఊడితే ఊడనీ, అందాక నువ్వు తిప్పుకో మేడం, అని సుంకులమ్మ లేచి పక్కన నిలబడింది. వార్డెన్ రెండు చేతులా పట్టి తిప్పింది. చక్రం కదల్లేదు. వాచ్‌మన్ వచ్చి తిప్పినా కదల్లేదు. అది ముందు అరచుట్టు వెనక్కి తిప్పి, మడమతో ఒక తాపు తన్ని, ఆపైన ముందుకు తిప్పితేగాని తిరగని చక్రం. ఐదేళ్లుగా ఆ కిటుకు ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషి పేరు కొట్టేయడానికైనా ఏ రిజిస్టర్లోనూ లేదు. ఆమె చేతులు కట్టుకుని చూస్తోంది.

అరవై రెండు మంది కిందికి చూస్తూ నిలబడ్డారు. ఎవరో మెల్లిగా, పరీక్షలు దగ్గర పడ్డాయి, తలస్నానాలైనా చేయలేదని గొణిగారు. హరిప్రియ విసురుగా కదిలింది. స్టోరుగదిలోకి పోయి పచ్చ బకెట్టు తెచ్చి, వరుసలో సరిగ్గా అది ఉండవలసిన సందులోనే పెట్టింది. ఆ సందు అలాగే ఖాళీగా ఉంది. వాచ్‌మన్ బకెట్టు తీసుకుపోయినా, వెనకవాళ్లెవరూ తమది ముందుకు జరుపుకోలేదు. మాబున్ని ఆ సంగతి అప్పుడే చూసింది. మెట్లమీద నుంచి లేచి నిలబడింది.

సుంకులమ్మ ఇంకోసారి వరుస పొడవునా నడిచి, వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టింది. తర్వాత మడమతో చక్రాన్ని తన్నింది.

ఎర్రసిరా గీత రిజిస్టర్లో అలాగే ఉంది. మధ్యాహ్నం మాత్రం పెట్టె తీయించడానికి ఎవరూ రాలేదు. సాయంత్రానికి హరిప్రియ, ఇంకో పదకొండు మంది వార్డెన్ గదికి పోయి, తామిచ్చిన కాగితాలు ఒకసారి తిరిగి చూసుకోవాలని అడిగారు. చూసుకోవడానికి అనే అన్నారు. చేతికొచ్చినవాటిని తిరిగివ్వలేదు.

సోమవారం మాబున్ని దాక్షాయణి మేడమ్ గదికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. రేపోమాపో తనను మళ్లీ పిలుస్తారని, అప్పటికి తన సీటూ సుంకులమ్మ పనీ రెండూ ఏమవుతాయో తెలియదని, ఏమైనా సంతకం మాత్రం చేయనని చెప్పింది. లేవబోతూ మాబున్ని ఒక్కటే అడిగింది: పరీక్షలో ఒప్పందం గురించి ప్రశ్న వస్తే గైడులోని ఐదు పాయింట్లు రాయాలా, ఇది రాయాలా?

దాక్షాయణి మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"నీకు తోచింది రాయి. కలం పెట్టేముందు మాత్రం, ఆఖరెవరో అడుగు."