గొలుసులో బిగిసిన చోటు

"అయివారూ, దండెం తాడు కట్టినా ఇదే వంపు వస్తాది. మరి దీనికి గొలుసు పేరే ఎందుకు పెట్టినారు?" అని అడిగాడు మౌనాచారి. ప్రొద్దుటూరులో నగలు చేసే నలభై ఐదేళ్ల మనిషి. పగలంతా కుంపటి ముందు కూర్చుని, సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని లెక్కల పాఠానికి వచ్చేవాడు. రెండు కొనలూ కట్టి వదిలేస్తే వేలాడే వంపును కాటినరీ అంటారనీ, లాటిన్‌లో గొలుసుకున్న మాట నుంచే ఆ పేరు పుట్టిందనీ ఆ రోజే విన్నాడు.

పాఠం చెప్పే వీరరాఘవయ్య అయివారికి జవాబు నోటితో చెప్పే అలవాటు లేదు. "ఇప్పుడు చేతిలో ఏం పనుంది?" అన్నారు.

ఉన్న పని కూతురి గొలుసే. వాసంతికి తిరుపతిలో నర్సింగు సీటు వచ్చింది. ఎల్లుండిలోగా తండ్రి సంతకం పెట్టకపోతే అది పోతుంది. ఆచారి గొలుసైతే చేశాడు గానీ సంతకం పెట్టలేదు. ఒకరోజు మంగళవారమన్నాడు, ఒకరోజు కలం కనపడలేదన్నాడు. తల్లి లేని పిల్ల. దూరం పంపడానికి అతనికి ప్రాణం ఒప్పడం లేదు, అంతే.

అయివారు గోడకున్న రెండు మేకులు చూపించారు. ఆచారి ఏ గొలుసునైనా పూర్తి కాగానే అలా వేలాడదీసి చూసుకుంటాడు. ఎక్కడ బిగుసుకున్నా వంపే పట్టిస్తుంది. ఈ ఒక్కదాన్నే ఎందుకో చూడలేదు. జేబులోంచి తీసి తగిలించాడు. వంపు చక్కగా దిగుతూ వచ్చి, నడుమ ఒకచోట కర్ర మింగినట్టు బిగుసుకుపోయింది.

ఆచారి తల దించుకున్నాడు.

"తెగగూడదని ఆడ నాలుగు లంకెల సందుల్లో అతుకు టంకం రవంత ఎక్కువ పోసినా సామీ. బిడ్డ మెడలో ఉండేది గదా."

"ఇక తెగదా?"

"తెగితే ఆడనే తెగుతాది," అన్నాడు. పాతికేళ్లుగా ఆ పని చేసినవాడు అబద్ధం చెప్పలేకపోయాడు.

గొలుసు దించి, జేబులో నలిగిన తిరుపతి సీటు కాగితం కూడా తీసి, రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"విడదీస్తే సందు పడతాది గదా, సామీ?"

అయివారు తన కలం అతని వైపు జరిపారు.

"పడుతుంది. ఆ సందు లేకపోతే దాన్ని కడ్డీ అంటాం ఆచారీ, గొలుసు అనం."