సింగయ్య మార్చిన హంతకుడు

మామిడితోటలో పంపు వేసే వేళకు జంతువులన్నీ షెడ్డు దగ్గర చేరతాయి. నీళ్ల కోసం వచ్చేవి కొన్నే, కథ కోసం వచ్చేవే ఎక్కువ. నక్క సింగయ్య తాను రాసిన డిటెక్టివ్ నవల 'పుంజుగారి హత్య'ని రోజుకో భాగం చొప్పున అక్కడే చదివి వినిపిస్తున్నాడు. అందరూ చెవులు రిక్కించి వింటున్నారు.

సింగయ్యకు మాత్రం మనసు మనసులో లేదు. ఉడుత చారలమ్మ చేత ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలి. తోటలో ఆవిడ చదవని పుస్తకం లేదు. ఆవిడ పెదవి విరిచిందంటే ఇక ఆ పుస్తకం మొహం చూసేవాడుండడు. మొన్నటికి మొన్న ఓ మాంత్రికుల నవలని ఇలాగే కడిగిపారేసింది.

"మొదటి పేజీలో మ్యాప్ వేశాడు, బాగానే ఉంది. ఆ మ్యాప్‌లో ఉన్న ప్రతి కొండా మనచేత ఎక్కించాలా? రాకుమారుడికేం, డ్రాగన్ మీద పోయాడు. కాళ్లు పీకింది నాకు!"

ఆ నవల ఇప్పుడు గడ్డివాములో పడి ఉంది. తన నవలకీ అదే గతి పడుతుందేమోనని సింగయ్య భయం.

రేపు ఆఖరి భాగమనగా ఉండబట్టలేక అడిగాడు.

"ఎలా ఉందంటావ్ చారలమ్మా?"

చారలమ్మ కొమ్మ మీద అటూ ఇటూ పరుగెత్తుతూనే జవాబిచ్చింది. "పుంజుగారిని చంపింది పిల్లి కాదు, కొంగ లాయరే కదా బావా? కిటికీ కింద తడి కాళ్ల గుర్తులు చూపించావుగా!"

సింగయ్య గుండె జారిపోయింది. నిజంగా కొంగే మరి. "తొందరపడకు. రేపు నోరెళ్లబెడతావ్" అని బింకంగా అనేసి వెళ్లిపోయాడు.

పొలంలో దొరికిన పీతలు కూడా సయించలేదు. చెరుకు గట్టు మీద కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పెద్ద నవలాకారుణ్ణని అనుకుంటున్నాడే, ఓ ఉడుతకి దొరికిపోవడమా! ఆఖరి భాగం పరపరా చింపి కాలవలో పారేశాడు. కథలో ఎవరూ అనుమానించనిది కాపలా తాబేలు ఒక్కటే. హత్య దాని నెత్తిన వేసి కొత్తగా రాసుకొచ్చాడు.

మర్నాడు గొంతు సవరించుకుని చదివాడు. "అప్పుడు తాబేలు ఒక్క గెంతులో ప్రహరీగోడ దూకి పారిపోయింది!"

చప్పట్లు లేవు. గేదె పోలమ్మ నెమరెయ్యడం ఆపేసింది.

"తాబేలా? గోడ దూకిందా?"

"దాని దగ్గర మంత్రపు ఉంగరం ఉందత్తా" అన్నాడు సింగయ్య, తడుముకుంటూ.

"ఇన్నాళ్లూ ఎక్కడుంది ఆ ఉంగరం?"

"చిప్పలో."

అందరూ గొల్లుమన్నారు. చారలమ్మ నవ్వలేదు. "మరి ఆ తడి కాళ్లు ఎవరివి బావా?"

"అవా... ఊరికే."

"ఊరికే ఏంటి! మాయల నవలలో అయినా ఉంగరం ఉందని ముందే చెప్పి ఏడవాలి. ఇన్ని రోజులు కూర్చోబెట్టి మమ్మల్ని వెర్రివాళ్లని చేశావ్!"

పోలమ్మ లేచి వెళ్లిపోయింది. ఆమె వెనకే తక్కినవాళ్లూ కదిలారు. చారలమ్మ మాత్రం దిగి దగ్గరికొచ్చింది.

"నిజం చెప్పు. ముందు ఎవర్ని రాశావ్?"

"కొంగనే" అన్నాడు సింగయ్య తల వంచుకుని. "నువ్వు కనిపెట్టేశావని మార్చాను."

"కనిపెట్టానా నా మొహం! హంతకుడు కొంగా, పిల్లా అని తిండి మానేసి తల బద్దలు కొట్టుకున్నాను. తోచింది అనేశాను. నువ్వు కొంగ అని చదివుంటే, 'నేను చెప్పలా!' అని తోటంతా గంతులేసేదాన్ని. ఇంత బాగా రాసినవాడు లేడని చెట్టుచెట్టుకీ చెప్పేదాన్ని."

సింగయ్య ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడే మళ్లీ కొంగ అని రాసేస్తాను. ఒక్కసారి వినవూ!"

"హంతకుడెవరో తెలిసిపోయాక ఇంకేం వింటాను బావా?" అంటూ చారలమ్మ చెట్టెక్కేసింది.

పాఠకుణ్ణి ఓడించాలని కథ మార్చినవాడు తన కథ చేతిలోనే ఓడిపోతాడు.